కొత్త కోడలు మేపిన గుర్రం

మా పుట్టింట్లో బక్క పశువుకు చోటు లేదు. క్లితుమ్నస్ ఏటి గట్టున మా నాన్న పెంచే తెల్లని ఎద్దులు దుక్కి దున్నడానికి కాదు, బండి లాగడానికీ కాదు. అవి జూపిటర్ బలిపీఠం దాకా నడిచి వెళ్ళే ఎద్దులు. దేవుడి ముందు నిలబడే పశువు వీపు మీద చెంబుడు నీళ్ళు పోస్తే నిలవకుండా జారిపోవాలి. పక్కటెముక ఎక్కడుందో తడిమినా దొరక్కూడదు. మా ఊరి పిల్లలు మాటలు నేర్చేలోపే మేత కలపడం నేర్చుకుంటారు. మా నాన్న నాకు అక్షరాలు చెప్పించాడు, లెక్కలు చెప్పించాడు, గ్రీకు కూడా కొంత చెప్పించాడు. అయినా ‘ఇది నాకు వచ్చు’ అని గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పగలిగిన విద్య ఒక్కటే. పశువును నిగనిగలాడించడం.

ఆ ధీమాతోనే రోములో మా అత్తవారింట అడుగుపెట్టాను. అడుగుపెట్టాను అనకూడదేమో, గడప తగలకుండా నన్ను ఎత్తి లోపల దించారు. నిప్పు ముట్టుకున్నాను, నీళ్ళు ముట్టుకున్నాను. నా తలమీది నారింజరంగు ముసుగు మా ఆయన నుమేరియస్ గడ్డానికి చిక్కుకుంటే, అది విడిపించడానికి ఇద్దరం నవ్వుతూ అక్కడే నిలబడిపోయాం. మా అత్తగారు రుటీలియా దగ్గాక గానీ ఎవరూ మమ్మల్ని లోపలికి కదిలించలేకపోయారు.

మర్నాడు పొద్దున్నే నుమేరియస్ నా చెయ్యి పట్టుకుని, ఇంకా ఇల్లు కూడా చూపించకుండానే పెరట్లోకి తీసుకెళ్ళాడు. అక్కడొక నల్లటి గుర్రం గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆనుకోకపోతే పడిపోయేలా ఉంది.

“ఇదిగో, దీని పేరు కాకి,” అన్నాడు. “నా జీవితంలోకి నీకంటే ముందొచ్చింది ఇదే. కోపం తెచ్చుకోకు.”

“కోపమెందుకు? నాకంటే ముందొచ్చినవాళ్ళు ఇంత బక్కగా ఉంటే నాకే మంచిది.”

అతను పగలబడి నవ్వాడు. అతనూ గుర్రమూ లిగురియా కొండల్లో యుద్ధం ముగించుకుని అప్పుడప్పుడే తిరిగొచ్చారు. అతను పెళ్ళి భోజనాలతో తేరుకున్నాడు. గుర్రానికి మాత్రం ఏ పెళ్ళీ కాలేదు.

“నవ్వండి, నవ్వండి,” అంటూ అత్తగారు వెనకాలే వచ్చింది. “వసంతంలో లెక్కలు. జనాన్ని లెక్కపెట్టి ఊరుకుంటారా? గుర్రాల్నీ చూస్తారు. ఊరి నడుమ ఫోరంలో ఇద్దరు గణనాధికారులు కుర్చీలేసుకుని కూర్చుంటారు. గుర్రపు దళం వాళ్ళు ఒక్కొక్కడే పగ్గం పట్టి నడిపించుకురావాలి. గుర్రం ఇలా ఉంటే ఏమంటారో తెలుసా, అమ్మాయ్?”

“ఏమంటారు అత్తయ్యా?”

“‘అమ్మెయ్’ అంటారు. ఒక్కటే మాట.”

“మన గుర్రాన్ని అమ్మమనడానికి వాళ్ళెవరు?”

“మనదెక్కడే? రోము ప్రజలది. ఎక్కి యుద్ధం చెయ్యమని ఇచ్చారు. ఇచ్చినవాళ్ళు సరిగ్గా చూసుకుంటున్నావా అని అయిదేళ్ళకోసారి అడుగుతారు. మీ మావగారి కాలం నుంచీ ఈ పెరట్లో రాజ్యంవారి గుర్రం లేని రోజు లేదు. అది పోతే వీడు రేపు కాలిబంట్ల వరసలో నిలబడి ఓటెయ్యాలి. ఊరేమంటుంది? కొత్త కోడలొచ్చింది, గుర్రం వెళ్ళిపోయిందంటుంది.”

ఆ మాట నాకు గుచ్చుకుంది. కానీ గుర్రాన్ని చూస్తున్నకొద్దీ నా చేతులు దురద పెట్టాయి. ఇంతకంటే అన్యాయంగా ఉన్న లేగల్ని నేను దేవుడి దగ్గరికి పంపాను.

“అత్తయ్యా, దీన్ని నాకు వదిలెయ్యండి,” అన్నాను. “వసంతానికి దీని వీపు మీద మీ ముఖం చూసుకోవచ్చు.”

అదీ మొదలు. రాత్రి నానబెట్టిన బార్లీ, ఉడికించిన చిక్కుడు గింజల పిండి, తవుడు మీద చిలకరించిన ద్రాక్షసారా, నూనె గానుగలో మిగిలిన ఆలివ్ పిప్పి, చేత్తో నాకించే ఉప్పు. దుంపలు ముక్కలు చేసి పెడితే కాకి మొదట్లో అనుమానంగా వాసన చూసేది. నెల తిరిగేసరికి నా అడుగుల చప్పుడు విని తలుపు దగ్గరికి వచ్చి నిలబడేది. నుమేరియస్ దాని పుళ్ళు కడిగి, డెక్కలు గీకి, జూలు దువ్వేవాడు. నేను పెట్టేదాన్ని. ఇద్దరం మధ్యలో గుర్రాన్ని పెట్టుకుని అటొకరం ఇటొకరం కబుర్లు చెప్పుకునేవాళ్ళం. దాని మెడ కిందనుంచి వంగి చూస్తే అతను అటునుంచి వంగి చూసేవాడు. ఏముంది అందులో అంటే చెప్పలేను. చెప్పలేనిదే బాగుంది.

“ఇవాళ స్వారీకి వెళ్ళాలి,” అనేవాడు రోజూ.

బయట చలి. మండువాలో తొట్టి మీద వాన చప్పుడు. లారెల్ ఆకుల మీద జున్ను రొట్టెలు కాలుతున్న వాసన. పైన తేనె పోసి గసగసాలు చల్లేసరికి అతను వేళ్ళు కాల్చుకుంటూ రెండోది అందుకునేవాడు.

“వెళ్తానన్నావుగా?”

“తేనె చల్లారిపోదూ?”

ఇలా చలికాలం గడిచిపోయింది. కాకి ఒంటిమీద ఎముక మాయమైంది. తరువాత పక్కల గుంటలు నిండాయి. తరువాత తోక దగ్గర మా నాన్న చూస్తే మురిసిపోయేంత గుండ్రదనం వచ్చింది. ఎండలో నిలబెడితే నల్లరాయిలా మెరిసేది. వీధిలో ఆడవాళ్ళు నీళ్ళకు వెళ్తూ గోడ మీదనుంచి తొంగిచూసేవాళ్ళు. అత్తగారు పైకి ఏమీ అనకపోయినా, చుట్టాలు వచ్చినప్పుడల్లా ఏదో ఒక వంక పెట్టి వాళ్ళను పెరటి దాకా తీసుకెళ్ళడం నేను గమనించాను. నేను వెనక నిలబడి నేల చూస్తూ వినయంగా ఉండేదాన్ని. ఆ వినయం నాకు ఎంత హాయిగా ఉండేదో!

లెక్కలు మొదలయ్యాయి. తెల్లవారుజామున చాటింపువాళ్ళు వీధులన్నీ తిరిగి ఏ తెగ ఏ రోజు రావాలో అరిచారు. మా తెగ వంతు వచ్చిన పొద్దున నుమేరియస్ సుద్ద పట్టించిన తెల్లటి బట్ట కట్టుకుని, వాళ్ళ బాబాయి, అంటే మా చిన మామగారు స్పురియస్‌తో కలిసి మార్స్ మైదానానికి వెళ్ళాడు. ఇంటి యజమాని ఎవరైతే వాళ్ళే వెళ్ళి, ప్రమాణం చేసి, ఇల్లూ వాకిలీ పెళ్ళాం పిల్లలూ అన్నీ చెప్పుకోవాలి. చిన మామగారు తన ఇంటి లెక్కతోపాటు మా అత్తగారి లెక్క కూడా చెప్పాలి. మామగారు పోయినప్పటినుంచీ ఆవిడ తరఫున మాట్లాడేది ఆయనే.

ఎండ ఎక్కాక ఇద్దరూ తిరిగొచ్చారు. నేను నీళ్ళిచ్చాను. అత్తగారు ఊపిరి తీసుకోనివ్వలేదు.

“మొదట ఎవర్ని పిలిచారురా?”

“ఇంకెవర్ని? తోళ్ళ సాల్వియస్‌ని.”

మా తెగ లెక్క ఎప్పుడూ ఆయనతోనే మొదలవుతుందట. ఆ పేరుకు క్షేమం అని అర్థం. మొదటి పేరు మంచిది కాకపోతే అయిదేళ్ళూ అరిష్టమే. మనిషి మాత్రం పచ్చి తోళ్ళు ఊని పదును చేసే పని చేస్తాడు, గాలి ఎటు వీస్తే అటు జనం పక్కకు తప్పుకుంటారు.

“గుమాస్తాలు ముక్కు మూసుకుని రాశారు,” అన్నాడు చిన మామగారు. “రోము క్షేమం అంత కంపు కొడుతుందని నాకివాళే తెలిసింది.”

“నిన్నేమడిగారు?” అన్నాను నుమేరియస్‌ను.

“పేరు. నాన్న పేరు. ఏ తెగ. వయసు. పొలమెంత, ఎడ్లెన్ని, పనివాళ్ళెందరు. ఆ తర్వాత…”

“ఆ తర్వాత?”

“‘మనస్సాక్షిగా చెప్పు, నీకు భార్య ఉందా?’ అన్నారు.”

“ఏమన్నావ్?”

“ఉంది అన్నాను.”

“అంతేనా? ఎలా అన్నావ్?”

చిన మామగారు మధ్యలో అందుకున్నాడు. “ఎలాగా? టైబర్‌లో పడవలవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు! గుమాస్తా ఉలిక్కిపడ్డాడు. ‘ఇక్కడ చాలామందికి ఉన్నారయ్యా, మెల్లిగా చెప్పు’ అన్నాడు గణనాధికారుల్లో పెద్దాయన.”

నేను లోపలికి వెళ్ళి, అవసరం లేకపోయినా ఒక కుండను ఇక్కడినుంచి అక్కడికి మార్చి, ముఖం సరిచేసుకుని వచ్చాను.

“మరి నన్నెక్కడ రాశారు?” అత్తగారు మరిదిని నిలదీసింది.

“నువ్వు విడి పట్టీ, వదినా. భర్త పోయినవాళ్ళూ, తల్లిదండ్రులు లేని పిల్లలూ.”

“అంటే రోము జనం ఇంతమంది అని చాటినప్పుడు అందులో నేను ఉండనా?”

“ఉండవు.”

“అయితే ఇవాళ అన్నం కూడా రోము జనం దగ్గరే తిను పో.”

ఆయన నవ్వుతూ చేతులు జోడించి, చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. వెంటనే లోపలికి రాలేదు. నవ్వూ ఆగిపోయింది. ఏమైందోనని మేమంతా వెళ్ళాం. చిన మామగారు గుర్రపు దళంలో తల పండిన మనిషి. ఆయన కాకి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి నిలబడ్డాడు.

“ఎన్నో నెల?” అన్నాడు.

మేమందరం కాకి పొట్ట వైపు చూశాం.

“బాబాయ్, ఇది మగగుర్రం,” అన్నాడు నుమేరియస్.

“నాకు తెలుసురా. దీనికి తెలుసా అని అడుగుతున్నా.”

గోడకు వేలాడుతున్న జీను తీసి దాని వీపున పడేశాడు. పొట్ట కిందనుంచి పట్టీ లాగాడు. అందలేదు. మోకాలు ఆనించి మళ్ళీ లాగాడు. పట్టీకీ బిగించే కొక్కేనికీ మధ్య బెత్తెడు దూరం మిగిలిపోయింది. కాకి ఇదంతా ఏదో కొత్త ముద్దు అనుకుని ఆయన భుజం వాసన చూసింది.

“దీన్నెక్కి కొండ దిగుతావా? పరిగెత్తే గుర్రానికి పక్కటెముకలు చేతికి తగలాలి, మడమ తగిలితే ఎగిరి పడాలి. ఇది బలిపీఠం ముందు నిలబెట్టే ఎద్దులా ఉందిరా!”

 ఆయన సరిగ్గా చెప్పాడు. నేను చలికాలమంతా ఒళ్ళు వంచి, వచ్చిన విద్యంతా పోసి తయారు చేసింది దాన్నే.

“నేనే పెట్టాను, చిన మామగారూ,” అన్నాను.

“మేపడం బ్రహ్మాండంగా మేపావమ్మా. అదే కదా బాధ. బక్క గుర్రాన్ని ఎందుకు అమ్మించేస్తారు? యుద్ధానికి పనికిరాదని. మరిది పనికొస్తుందా?”

అత్తగారు జీను తీసి మళ్ళీ గోడకు తగిలించింది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ పూటంతా నేను వంటింట్లోనే ఉండిపోయాను. ఏడుపు వచ్చింది కాని, దానికంటే ముందు ఒక ఆలోచన వచ్చింది. తెగలన్నీ లెక్కయ్యాకే గుర్రాల వంతు. మా తెగ తర్వాత ఇంకా చాలా తెగలున్నాయి. ఎక్కించిన దారే దించే దారి కూడా. ఏది ఏ గుంట నింపిందో నాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

చిక్కుడు పిండి ఆపేశాను. ద్రాక్షసారా, ఆలివ్ పిప్పి ఆపేశాను. ఎండుగడ్డి, కొలిచి పోసిన బార్లీ, అంతే. నుమేరియస్‌ను పొద్దున్నే దుప్పటి లాగి లేపి ఇంట్లోంచి తరిమేదాన్ని. ఊరి బయట ముల్వియన్ వంతెన దాకా వెళ్ళి రావాలి. మొదటి రోజు అతను వెళ్ళేటప్పుడు జీను లేకుండానే ఎక్కి వెళ్ళాడు, వచ్చేటప్పుడు కాకిని నడిపించుకుంటూ వచ్చాడు.

“ఏమైంది?”

“దారి మధ్యలో పడుకుంది. గాడిదల వాళ్ళు దిగి సాయం చేశారు. ‘దొరా, మీ గుర్రాన్ని మా బండెక్కించమంటారా’ అని అడిగారు.”

పాపం కాకి ఖాళీ తొట్టిని ముక్కుతో నా వైపు నెట్టేది. నేను తల తిప్పుకునేదాన్ని. రోజులు గడిచేకొద్దీ దానికి ఊపిరి నిలిచింది. వంతెన దాకా ఆగకుండా వెళ్ళింది. జీను పట్టీ అందింది, చివరి చిల్లుకే అయినా. కానీ పొట్ట మాత్రం ఇంకా ఉంది. చలికాలమంతా పోసింది కొన్నాళ్ళలో కరుగుతుందా?

గుర్రాల పరీక్ష రేపనగా చిన మామగారు వచ్చాడు.

“విను నుమేరియస్. వాళ్ళు ఒకే ప్రశ్న వేస్తారు. ‘దీన్ని చూసుకున్నది ఎవరు?’ అంటారు. ‘నేనే’ అను. ఇంకో పేరు నోట్లోంచి రానివ్వకు. నీకిచ్చిన గుర్రాన్ని ఇంకొకళ్ళకి వదిలేశావని తెలిస్తే అక్కడికక్కడే అమ్మించేస్తారు. దయ అనే మాట వాళ్ళకు తెలీదు.”

“అవున్రా,” అంది అత్తగారు. “పైగా ఫోరంలో, ఊరందరి ముందు, కోడలి పేరా? మన ఇంటి ఆడవాళ్ళ పేరు చాటింపువాడి నోట ఎప్పుడూ పడలేదు.”

నుమేరియస్ జీను తుడుస్తూ తలెత్తలేదు. “మొన్న ఆ ఇద్దరి ముందే మనస్సాక్షిగా అని ప్రమాణం చేశాను. రేపు మళ్ళీ వాళ్ళ ముందే నిలబడి సగం నిజం చెప్పమంటారా?”

“గుర్రం కావాలా, గొప్ప కావాలా?” అన్నాడు బాబాయి.

వాళ్ళు వెళ్ళాక నేను అతని పక్కన కూర్చున్నాను.

“ఉన్నదున్నట్టు చెప్పు,” అన్నాను. “మేపింది నేను కాదా? దొంగతనమేం చెయ్యలేదుగా.”

“గుర్రం పోతే నిన్నంటారు, ఒప్పియా. జీవితాంతం అంటారు.”

“అననీ. మోస్తాను. నువ్వు అబద్ధం మోస్తే చూడలేను.”

అలా అన్నానే గానీ, అత్తగారు పెళ్ళి మర్నాడు అన్న మాట నా చెవిలో మోగుతూనే ఉంది.

మర్నాడు ఫోరంలో ఇసక వేస్తే రాలనంత జనం. అత్తగారూ నేనూ అంగళ్ళ మీది వసారా ఎక్కి కటకటాలు పట్టుకుని నిలబడ్డాం. ఎదురుగా కాస్టర్ గుడి మెట్లు. కింద ఎత్తు మీద రెండు దంతపు కుర్చీలు. ఒక గణనాధికారి మెడ కొంగమెడలా పొడుగు, ఇంకొకాయన తల తోమిన చెంబులా నున్నన. చాటింపువాడు పేరు పిలవగానే ఒక్కో రౌతు కాలినడకన గుర్రాన్ని తీసుకొచ్చి నిలబడుతున్నాడు. “నడిపించుకుపో” అంటే పక్కకు సాగిపోతున్నాడు.

మా ఆయనకు ముందు వచ్చిన వాడి గుర్రం వీపు మీద వెంట్రుకలు ఊడి, పుళ్ళు పడి ఉన్నాయి. ఆ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోనైనా లేదు.

“గుర్రాన్ని అమ్మెయ్!” అన్నాడు చాటింపువాడు.

ఆ మనిషి పగ్గాన్ని చేతికి చుట్టుకున్నాడు, విప్పాడు, మళ్ళీ చుట్టుకున్నాడు. ఎటు వెళ్ళాలో తెలియక నిలబడిపోతే ఎవరో భుజం పట్టి తీసుకెళ్ళారు. అత్తగారు నా మణికట్టు పట్టుకుంది.

తరువాత పేరు నుమేరియస్‌ది.

కాకి తల ఎత్తి వచ్చింది, పండగకు వచ్చినట్టు. దాని ఒంటిమీద ఎండ పడి జారిపోతోంది. పొట్ట అడుగడుక్కీ ఇటూ అటూ ఊగుతోంది. జనంలో ఒక నవ్వు పుట్టి గుడి మెట్ల దాకా పాకింది.

కొంగమెడ ఆయన మెడ ఇంకా సాచాడు. “మార్స్ దేవుడికి గుర్రాన్ని బలిచ్చేది అక్టోబరులో కదయ్యా. తొందరపడి ఇప్పుడే తెచ్చావేం?”

ఈసారి ఫోరమంతా నవ్వింది. నుమేరియస్ నవ్వు ఆగేదాకా కదలకుండా నిలబడ్డాడు.

“దీన్ని చూసుకున్నది ఎవరు?” అన్నాడు ఆయన.

అత్తగారి గోళ్ళు నా చేతిలో దిగాయి.

“ఒళ్ళు తోమింది, పుళ్ళు కడిగింది, డెక్కలు గీకింది నేను,” అన్నాడు నుమేరియస్.  “మేత పెట్టింది నా భార్య.”

“భార్యా? పేరు?”

“ఒప్పియా. లిగురియా నుంచి వచ్చేసరికి ఈ గుర్రం ఎముకల గూడు. ఆమెది క్లితుమ్నస్ గట్టు, దేవుడి ఎద్దుల్ని మేపే ఇల్లు. తనకు తెలిసిన పద్ధతిలో ప్రాణం పెట్టి చూసుకుంది. అది చూసి మురిసిపోయింది నేను. చలికాలమంతా స్వారీకి తీసుకెళ్ళకుండా ఇంట్లో కూర్చుందీ నేనే. కాబట్టి ఈ పొట్టలో సగం పైన నాదే.”

“ఇంట్లో ఎందుకు కూర్చున్నావు?”

“కొత్తగా పెళ్ళయింది.”

కింద ఎవరో ముసలాయన “పాపం, వదిలెయ్యండయ్యా!” అని అరిచాడు. నవ్వులే నవ్వులు. కొంగమెడ ఆయన మాత్రం నవ్వలేదు.

“తనకిచ్చిన గుర్రాన్ని ఆడవాళ్ళకి వదిలేశాడు. అమ్మించెయ్యాల్సిందే.”

చాటింపువాడు నోరు తెరిచాడు. బట్టతల ఆయన చెయ్యెత్తాడు. ఒకరి మాట చాలదు, ఇద్దరూ ఒప్పుకుంటేనే శిక్ష పడుతుంది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

బట్టతల ఆయన కుర్చీలోంచి లేచి కిందికి దిగాడు. కాకి మెడ మీద అరచెయ్యి రాశాడు. పక్కటెముకల దగ్గర వేళ్ళు నొక్కాడు. ఒక డెక్క ఎత్తి చూశాడు. జీను కింద మానిపోయిన పాత పుండు మచ్చ దగ్గర చాలాసేపు ఆగాడు.

“ఇప్పటిదాకా మనం అమ్మించినవన్నీ అశ్రద్ధ చేసిన గుర్రాలే,” అన్నాడు. “ఇందులో అశ్రద్ధ ఎక్కడుంది, చూపించు.”

“యుద్ధానికి పనికిరాదు.”

“ఇవాళ పనికిరాదు. కొవ్వు కరుగుతుంది. ఆ ముందరి గుర్రం వీపు పుండ్లు మానవు. పట్టీ చూడు, కొత్తగా నలిగింది. రోజూ తిప్పుతున్నాడు.”

“ఇంకొకళ్ళు మేపారని తనే ఒప్పుకున్నాడు కదా!”

“ఒప్పుకున్నాడు. ‘నేనే’ అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట వల్ల గుర్రం పోవచ్చని తెలిసీ నిజం చెప్పిన మనిషి. మొన్న ఈ ఊరి లెక్కంతా మనం రాసుకున్నది దేన్ని నమ్మి? వాళ్ళ నోటిమాటనేగా. అలాంటి నోటిని శిక్షిస్తే వచ్చే లెక్కల్లో ఎవడు నిజం చెప్తాడు?”

కొంగమెడ ఆయన కాకిని చూశాడు, మా ఆయన్ను చూశాడు, ఆకాశం చూశాడు.  చివరికి ఆయన చాటింపువాణ్ణి దగ్గరికి రమ్మని చెవిలో ఏదో చెప్పాడు. బట్టతల ఆయన విని తలూపాడు, మూతి బిగబట్టుకుని.

చాటింపువాడి గొంతు మా నాన్న ఎద్దుల్లో పెద్దదాని గొంతులా ఉంది.

“నుమేరియస్! గుర్రాన్ని నడిపించుకుపో!” జనం కేకలు వేసేలోపే మళ్ళీ అందుకున్నాడు. “ఇకమీద నీ భార్య ఒప్పియా ఈ గుర్రానికి మేత పెట్టరాదు!”

కాకి పొట్ట ఊపుకుంటూ కాస్టర్ గుడి ముందునుంచి సాగిపోయింది. ఫోరం ఈలలతో, చప్పట్లతో అదిరిపోయింది. వసారా మీద ఆడవాళ్ళందరూ ఒప్పియా ఎవరా అని ఇటూ అటూ చూస్తున్నారు. నాకు సిగ్గు రావాలి. రాలేదు. గుర్రం మాది, మొగుడు నావాడు, నా పేరు రోములో అందరికంటే పెద్ద గొంతున్నవాడు పిలిచాడు. “నేనే, నేనే!” అనబోయి అత్తగారి ముఖం చూసి ఆగాను.

ఆమె నా చెయ్యి వదలకుండా మెట్లు దిగింది. సందు మలుపులో నుమేరియస్ కాకిని పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. పక్కన చిన మామగారు కళ్ళు తుడుచుకుంటున్నాడు. అది ఏడుపో నవ్వో తెలియలేదు.

“ఈ ఇంటి ఆడదాని పేరు చాటింపువాడి నోట పడింది,” అంది అత్తగారు కొడుకుతో. “మీ నాన్న బతికుంటే…”

నుమేరియస్ తల వంచుకున్నాడు. “బతికుంటే ఏమనేవాడమ్మా?”

“నవ్వి చచ్చేవాడు,” అంది ఆమె. పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది కానీ భుజాలు ఆగలేదు. నవ్వి నవ్వి చివరికి కాకి మెడ పట్టుకుని నిలబడింది.

నాకు ధైర్యం వచ్చింది. “అత్తయ్యా, ఆ ఉత్తర్వు గుర్రానికేగా?”

“ఆఁ.”

“మొగుడికి పెట్టొద్దనలేదుగా?”

ఆమె కొడుకు నడుము వైపు ఒకసారి చూసింది. “వీణ్ణి ఎవరూ ఫోరంలో నడిపించి చూడరు. పెట్టుకో,” అంది.

ఇంటికి వెళ్ళగానే పొయ్యి రాజేశాను. జున్ను నలుపుతుంటే పెరట్లోంచి వినిపించింది: కాకి తొట్టిని నెడుతున్న చప్పుడు, దానికి కొలిచి గడ్డి వేస్తూ “చాలు, ఇంక లేదు” అని అత్తగారు గద్దిస్తున్న చప్పుడు.